బోల్ట్ మూసుకోకపోతే...

(స్వర్ణోత్సవాల సందర్భంగా పాఠశాల ఎన్.సి.సి. క్యాడెట్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సైన్యంలో ఇ.ఎం.ఇ. విభాగంలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆర్మరర్ అంటే ఆయుధాలు బాగుచేసేవాడు. దేశభక్తి గురించి మాట్లాడమని మన కార్యదర్శి అడిగారు. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. నాకు బాగా తెలిసిన విషయం ఒకటుంది, అదే చెబుతాను. వచ్చే నెల మీరు క్యాంపుకి వెళ్లి ఫైరింగ్ చేస్తారట. రైఫిల్‌లో తూటా పెట్టి బోల్ట్ ముందుకి తోస్తే అది సగంలో ఆగిపోయిందనుకోండి. అప్పుడు మీరేం చేయాలి?

ముందు జవాబు చెప్పి తర్వాత కారణాల్లోకి వెళతాను. బలం వాడకండి. అరచేత్తో కొట్టకండి. వేలు ట్రిగ్గర్ మీద ఉంటే తీసేయండి. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, ఎడమ చెయ్యి పైకెత్తి పిలవండి. ఉస్తాద్‌కి చూపించాలని రైఫిల్‌తో సహా పక్కకి తిరగడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ఆయనే మీ దగ్గరికి వస్తారు.

ఇప్పుడు కారణాలు. మీరు కాల్చేది పాయింట్ టూటూ రైఫిల్. ఆ తూటాకి పెద్ద తూటాల్లాగా అడుగున విడిగా క్యాప్ ఉండదు. పేలే మందు అడుగు అంచు లోపల చుట్టూ ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచుని నొక్కితేనే తూటా పేలుతుంది. సగంలో ఆగిన బోల్ట్‌ని గట్టిగా గుద్దితే దెబ్బ తగిలేది ఆ అంచుకే. బోల్ట్ పూర్తిగా మూసుకుని తాళం పడకముందే తూటా పేలితే, ఆ ఇత్తడి ముక్కలు, వేడి గ్యాసు వెనక్కి, మీ ముఖం మీదికి వస్తాయి. బలం వద్దనేది అందుకే.

పాయింట్ టూటూలో తూటా లోపలికి పోకపోవడానికి నేను ఎక్కువగా చూసినవి మూడు కారణాలు.

మొదటిది మురికి. ఈ సీసపు గుండుకి పైన మైనంలాంటి పూత ఉంటుంది. వందల రౌండ్లు కాల్చాక ఆ మైనం, సీసం, మసి కలిసి ఛాంబర్ ముందుభాగంలో గట్టి పొరలా పేరుకుంటాయి. బ్యారెల్‌లో పుల్‌త్రూ లాగితే గొట్టం అద్దంలా మెరుస్తుంది. ఛాంబర్ మాత్రం అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే అది గొట్టం కంటే కొంచెం వెడల్పు. గొట్టానికి సరిపోయే చిందీ గుడ్డ ఛాంబర్ గోడల్ని సరిగా రుద్దదు. ఛాంబర్‌ని విడిగా శుభ్రం చేయాలి.

రెండోది ఇసుక. ఆ మైనం పూతకి దుమ్ము ఇట్టే అంటుకుంటుంది. కింద పడిన రౌండ్‌ని ప్యాంటుకి తుడిచి పెట్టేయడం చాలా మందికి అలవాటు. అలా చేయకండి. పడిన రౌండ్ పక్కన పెట్టి చెప్పండి, ఇంకొకటి ఇస్తారు.

మూడోది మీ చేతుల్లో ఉన్నది, కాబట్టి బాగా వినండి. ప్రాక్టీసు పేరుతో ఖాళీ రైఫిల్ ట్రిగ్గర్ టకటకా నొక్కుతుంటారు. త్రీనాట్‌త్రీలో పిన్ ముందు ఖాళీ జాగా ఉంటుంది కనుక దానికి పెద్ద నష్టం లేదు. పాయింట్ టూటూలో పిన్ పడేది ఛాంబర్ అంచు దగ్గర. తూటా లేనప్పుడు చాలా రైఫిళ్లలో అది నేరుగా ఉక్కు అంచుకే తగులుతుంది. కొన్ని వందల దెబ్బలకి అంచు నలిగి, చిన్న బొడిపె లోపలికి పొడుచుకొస్తుంది. ఇక ప్రతి తూటా అక్కడే తట్టుకుంటుంది. ఎంత కడిగినా పోదు. దాన్ని సరిచేయడం ఆర్మరర్ పని. డమ్మీ రౌండ్ పెట్టి ప్రాక్టీసు చేస్తే ఈ తిప్పలు ఉండవు.

ఇక మన కాలపు త్రీనాట్‌త్రీ. ఇక్కడున్న పెద్దవాళ్లలో చాలా మంది దాన్ని భుజాన మోసినవాళ్లే. జేమ్స్ పారిస్ లీ రూపొందించిన బోల్ట్, 1907లో వచ్చిన మార్క్ త్రీ నమూనా. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో లక్షల సంఖ్యలో తయారైంది. 1962 యుద్ధంలో మన జవాన్ల చేతుల్లో ఉన్నది కూడా అదే. దాని బోల్ట్ మూసేటప్పుడు చివర్లో కొంచెం బరువుగా అనిపిస్తుంది. కొత్తవాళ్లు తూటా ఇరుక్కుందని భయపడతారు. అది స్ప్రింగ్ బరువు. ఈ రైఫిల్ బోల్ట్ మూసేటప్పుడే కాక్ అవుతుంది. ఖాళీ రైఫిల్‌తో నాలుగుసార్లు మూసి చూస్తే ఆ బరువు చేతికి అలవాటవుతుంది. అంతకు మించి అడ్డు తగిలితే అప్పుడు అనుమానించాలి.

తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? ఆర్మరర్ పద్ధతి చెబుతాను. ఇది గదిలో, డమ్మీ రౌండ్లతో చేసే పని. మొదట ఖాళీగా బోల్ట్ మూయాలి. ఖాళీగా కూడా మూసుకోకపోతే తప్పు బోల్ట్‌లోనో, అది జారే దారిలోనో ఉంది. ఖాళీగా మూసుకుంటే ఒక డమ్మీ రౌండ్ చేత్తో ఛాంబర్‌లో పెట్టి మూయాలి. చేత్తో పెడితే పోయి, మ్యాగజైన్ నుంచి పోకపోతే తప్పు మ్యాగజైన్‌ది. ఏ డమ్మీ పెట్టినా పోకపోతే ఛాంబర్‌ది. ఒక్కటే మొరాయిస్తే దాన్ని పక్కన పెట్టడమే. ఛాంబర్ మీద అనుమానమైతే డమ్మీకి నల్ల సిరా పూసి, పెట్టి తీసి, సిరా ఎక్కడ చెదిరిందో చూస్తే అడ్డు ఎక్కడుందో తెలుస్తుంది.

త్రీనాట్‌త్రీలో మ్యాగజైన్ తప్పు ఎక్కువగా తూటాలు నింపడంలోనే వస్తుంది. ఆ తూటా అడుగుకి బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనక పడిందా, పైది కిందిదాన్ని కూడా లాక్కుపోవాలని చూస్తుంది, రెండూ ఆగిపోతాయి. సరిగా పేర్చుకుంటే ఆ ఇబ్బంది రాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది బోల్ట్ నంబరు. త్రీనాట్‌త్రీ బోల్ట్ పిడి మొదట్లో ఒక నంబరు, రైఫిల్ బాడీ మీద ఒక నంబరు ఉంటాయి. రెండూ ఒకటే కావాలి. పైకి అన్ని బోల్ట్‌లూ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒక్కొక్కదాన్నీ దాని బాడీకి సరిపోయేలా చూసి బిగించారు. బోల్ట్ మూసినప్పుడు దాని ముఖానికీ, తూటా అంచు ఆనే చోటుకీ మధ్య ఉండే దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. అది 0.064 అంగుళం నుంచి 0.074 అంగుళం లోపల ఉండాలి. తేడా పావు మిల్లీమీటరు, అంటే రెండు మూడు కాగితాల మందం.

పది రైఫిళ్ల బోల్ట్‌లు తీసి, ఒకే దుప్పటి మీద పరిచి, శుభ్రం చేసి, చేతికి అందినది అందినట్టు పెట్టేశారనుకోండి. దూరం తక్కువైన చోట బోల్ట్ మూసుకోదు. ఆ రైఫిల్ తన తప్పు తనే చెప్పింది, నయమే. దూరం ఎక్కువైన చోట బోల్ట్ సుతారంగా మూసుకుంటుంది. ఎవరికీ అనుమానం రాదు. కాల్చినప్పుడు ఇత్తడి కేస్ వెనక్కి సాగుతుంది. మరీ సాగితే అంచుకి కాస్త ముందు తెగిపోతుంది. బోల్ట్ తెరిస్తే అడుగు ముక్క మాత్రం బయటికి వస్తుంది, మిగతా గొట్టం ఛాంబర్‌లోనే ఉంటుంది. తర్వాతి తూటా సగం దాకా వెళ్లి ఆగిపోతుంది. అప్పుడు కుర్రాడు అరచేత్తో కొడతాడు. తప్పు జరిగింది కాల్చిన రోజున కాదు, దుప్పటి మీద బోల్ట్‌లు కలిసిపోయిన రోజున. అందుకే బయటికి వచ్చిన ప్రతి ఖాళీ కేస్‌నీ చూడాలి. పొట్టిగా ఉందా, అంచు దగ్గర మెరిసే గీత ఉందా అని. ఉంటే ఆ రైఫిల్‌ని ఆపేయాలి. లోపలి ముక్క తీయడానికి ఆర్మరర్ దగ్గర వేరే పనిముట్టు ఉంటుంది. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడిస్తే ఛాంబర్ పాడవుతుంది.

డి.పి. అని ముద్ర ఉన్న కవాతు రైఫిళ్లతో ఎప్పుడూ కాల్చరు కదా, వాటి బోల్ట్‌లు మారితే ఏమైందని మీరు అడగవచ్చు. నిజమే, వాటితో ప్రమాదం లేదు. కానీ చేతికి అలవాటు పడేది అక్కడే. కవాతు రైఫిల్ దగ్గర నంబరు చూసే పిల్లవాడు రేపు సైన్యంలోనో పోలీసులోనో చేరినా నంబరు చూస్తాడు. ఇక్కడ చూడనివాడు అక్కడా చూడడు.

మన సంఘానికి ఒక చిన్న విన్నపం. ఈ స్వర్ణోత్సవ నిధి నుంచి కొంత తీసి, ఎన్.సి.సి. అధికారి అనుమతితో క్యాడెట్లకి ప్లాస్టిక్ డమ్మీ రౌండ్లు, ఛాంబర్ శుభ్రం చేసే కర్రలు, రైఫిల్ నంబర్లు రాసిన చెక్క అరల స్టాండు ఒకటి కొనిద్దాం. ఏ బోల్ట్ ఆ అరలోనే ఉంటుంది. పెద్ద ఖర్చు కాదు. శిలాఫలకం మీద మన పేర్లు ఉండటం మంచిదే, ఇది కూడా ఉంటే బాగుంటుంది.

క్యాడెట్లూ, క్యాంపులో బోల్ట్ ఆగితే ఏం చేయాలో మీకు తెలుసు. మీ పక్క పిల్లవాడికి తెలియకపోతే చెప్పండి.