ఆపరేషన్ తర్వాత

దాతలారా, కాలిన గాయాలకు ఆపరేషన్ అంటే మీరు వెంటనే సాయం చేస్తారు. ఆ తర్వాతి నెలల గురించి నర్సుగా రెండు మాటలు చెబుతాను. మెడ కాలిన మనిషికి తల కింద దిండు పెట్టకూడదు. తల వంచి పడుకుంటే నొప్పి తక్కువగా ఉంటుంది కానీ, చర్మం మానుతూ ముడుచుకుపోయి గడ్డాన్ని ఛాతీ వైపు లాగేస్తుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే దిండు పెడతారు, ఏమనగలం! వేళ్లు కాలితే దేనికది విడిగా కట్టాలి, లేకుంటే అతుక్కుపోతాయి. ఇంటికి వెళ్లాక మచ్చ గట్టిపడకుండా బిగుతు తొడుగు రోజుకు దాదాపు 23 గంటలు, ఏడాదో రెండేళ్లో వేసుకోవాలి. అది వదులైతే కొత్తది కొనాలి. కూలి చేసుకునే ఇంట్లో గుడ్లకు, పాలకే డబ్బు చాలదు. ఈసారి వైద్య నిధిలో కట్లకు, తొడుగులకు, ఫిజియోథెరపీకి వెళ్లివచ్చే ఆటో ఖర్చుకు విడిగా కొంత కేటాయించమని కోరుతున్నాను.