రేకు, పారాణి, సున్నం



బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో ఈ పాఠం ఎప్పుడో ఒకసారి మీ చెవిన పడే ఉంటుంది. మంచుగడ్డ కరిగి నీరైతే భౌతిక మార్పు, కాగితం కాలి బూడిదైతే రసాయనిక మార్పు. ఏది ఏదో ఎలా పోల్చుకుంటావురా అంటే పిల్లాడు టక్కున చెబుతాడు: వెనక్కి తేగలిగితే మొదటిది, తేలేకపోతే రెండోది. మార్కులు పడే జవాబే. కానీ మన గోదావరి జిల్లాల వంటిళ్లలో, పెళ్లిపీటల దగ్గర ఈ సూత్రం నిలబడదు.

ఆత్రేయపురం పూతరేకులే తీసుకోండి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పలుచగా కలుపుతారు. ఇంతవరకు పేచీ లేదు. బియ్యం నలిగింది, అంతే. ఆ తర్వాత బోర్లించిన కుండ, దాని కింద మంట. పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద అలా పరిచి ఇలా లాగేసరికి రేకు తయారు. దాన్ని మళ్లీ మొదటి పిండిగా చేయగలరా? ఎన్ని నీళ్లు పోసినా కాదు. అయితే రసాయనిక మార్పు అనేద్దామా?

కాస్త ఆగండి. బియ్యప్పిండిలో ఎక్కువ భాగం స్టార్చి. అది కంటికి ఆనని సన్నటి రేణువులుగా ఉంటుంది. ఒక్కో రేణువులో పొడవాటి అణువులు ఒత్తుగా సర్దుకుని ఉంటాయి. నీరూ వేడీ కలిసి తగిలాయంటే రేణువు ఉబ్బి పగులుతుంది. లోపలి అణువులు బయటపడి, చిక్కుపడ్డ కొబ్బరిపీచులా ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. నీరు ఆవిరైపోయాక మిగిలిన పొరే మన రేకు. అణువులు సర్దుకున్న తీరు మారింది గానీ స్టార్చి స్టార్చిగానే ఉంది, కొత్త పదార్థమేదీ పుట్టలేదు. కాబట్టి వెనక్కి రాకపోయినా ఇది ప్రధానంగా భౌతిక మార్పే. వంటంతా రసాయనిక మార్పేనని ఒక్క ముక్కలో తేల్చేసే గైడు పుస్తకాలంటే అందుకే నాకు చిరాకు. అసలు రసాయనం రేకు నోట్లో పడ్డాక మొదలవుతుంది. లాలాజలంలోని ఎంజైము స్టార్చిని తెంపి చక్కెరగా మారుస్తుంది. బెల్లం వేయని ఉత్త రేకును కాస్త ఎక్కువసేపు నమిలి చూడండి, తీపి తగులుతుంది.

ఇక పారాణి. పసుపులో తడిసున్నం కలిపితే ఎర్రబడుతుందని నేను మీకు చెప్పక్కర్లేదు. దిష్టి తీసే ఎర్రనీళ్లూ అవే. పసుపుకు రంగునిచ్చే పదార్థం పేరు కర్క్యుమిన్. సున్నం క్షారం. అది కర్క్యుమిన్ అణువు నుంచి హైడ్రోజన్‌ను లాగేసుకుంటుంది. అణువే మారిపోయింది కనుక రంగూ మారింది. ఇది అచ్చమైన రసాయనిక మార్పు. ఇప్పుడు ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండండి. పసుపు రంగు తిరిగొచ్చేస్తుంది! చొక్కా మీద పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడి, బాగా జాడించాక మళ్లీ పసుపుగా తేలడం కూడా ఇదే తంతు.

చూశారా, రేకు వెనక్కి రాదు, అయినా భౌతికం. పారాణి వెనక్కి వస్తుంది, అయినా రసాయనికం. అడగవలసింది ఒక్కటే: ముందున్న పదార్థమే ఉందా, వేరే పదార్థం అయిందా?

కంటిని నమ్మి జవాబు చెబితే కూడా మోసపోతాం. కొబ్బరినూనె 24 డిగ్రీల లోపు చలికి గడ్డకడుతుంది. చూడ్డానికి పెద్ద మార్పే గానీ నూనె అదే. అదే నూనె నెలల తరబడి సీసాలో ఉండి కనరు వాసన వేస్తోందంటే, రంగేమీ మారకపోయినా దానిలోని కొవ్వు విరిగి వేరే పదార్థాలు పుట్టాయన్నమాట.

సున్నపు గుల్ల ఇంతకంటే గడుసుది. కాకినాడ తీరాన ఏరిన గుల్లలను బట్టీలో కాల్చి సున్నం తీయడం పాత వృత్తి. గుల్ల అంటే కాల్షియం కార్బొనేటు. 900 డిగ్రీల సెగ తగిలేసరికి అందులోని కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలిసిపోతుంది. స్వచ్ఛమైనదైతే 100 కిలోలకు 56 కిలోలే మిగులుతాయి. బట్టీలోంచి తీసిన గుల్ల చాలాసార్లు గుల్ల ఆకారంలోనే ఉంటుంది, చేత్తో ఎత్తితే తప్ప తేడా తెలియదు. దాని మీద నీళ్లు చల్లామో, బుసబుసమని పొగలు కక్కుతూ పిండి అవుతుంది. అది తడిసున్నం. గోడకు పూశాక గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని, మళ్లీ కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. మూడు మజిలీలూ రసాయనిక మార్పులే, చేరింది మాత్రం బయలుదేరిన చోటికే.

ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట కాలానికి మన దేశంలో సిమెంటు తయారీయే లేదు. కట్టుబడిలో రాయికీ రాయికీ మధ్య గచ్చుసున్నమే దిక్కు. మందంగా వేసిన గచ్చు లోపలికంటా గాలి చేరి గట్టిపడేందుకు ఏళ్లు పడుతుంది. కట్టడం పూర్తయిందని మేస్త్రీలు వెళ్లిపోయాక కూడా లోపల పని సాగుతూనే ఉంటుందన్నమాట. ఇవాళ భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో నీటి పులుపు విరవడానికి చల్లేదీ ఈ కుటుంబపు సరుకే.

చివరిగా ఒక జాగ్రత్త. కాల్చిన సున్నంలో నీళ్లు పోసినప్పుడు పుట్టే వేడి ఒళ్లు కాల్చగలదు. తాంబూలంలోకి వాడే తడిసున్నమూ కంటికి ప్రమాదమే. ట్యూబులు, ప్యాకెట్లు పిల్లలకు అందనివ్వకండి. నొక్కితే చివ్వున కంట్లోకి చిమ్ముతుంది. పడిందా, పసుపునీళ్ల విద్య గుర్తొచ్చి నిమ్మరసం లాంటివి పోయకండి. రెప్పలు విడదీసి పట్టుకుని, ధారగా మంచినీళ్లు పోస్తూ కనీసం ఇరవై నిమిషాలు కడగండి. రెప్పల కింద సున్నపు ముక్కలు ఇరుక్కుని ఉండొచ్చు కాబట్టి, నొప్పి తగ్గినా సరే, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.