తీరిక లేనివారి రచన


“వ్రాయవలెనని యున్నది, తీరిక యేది?” అని మీలో పలువురందురు. నిజమే. హోసూరు రోడ్డు మన సాయంకాలములను మ్రింగివేయుచున్నది. అయినను, కాళీపట్నం రామారావుగారు విశాఖపట్నమున బడిపంతులుగా నుండియే ‘యజ్ఞం’ వ్రాసిరి. వారు వ్రాసినది కొద్దియే. ఆ కొద్దికే 1995లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

తీరిక కొరకు నేనును చాలకాలము వేచితిని. పిదప, రాత్రి పిల్లల లెక్కలు సరిచూచునపుడు, పాలలెక్కల కాగితము వెనుక నాలుగు పంక్తులు వ్రాయసాగితిని. అందు సగము చెత్తయే! మిగిలినవి ఆనేకల్లు తెలుగున మా అమ్మ చెప్పిన మాటలు. ఆమె నేడు లేదు.

మొన్న నా కుమార్తె, ఈ చందాపుర బడిలో నేర్చిన అక్షరములతో, ఆ కాగితములను కూడబలుకుకొని చదివి, “అవ్వ ఇట్లనే మాట్లాడేదా?” అని యడిగినది. అవునని చెప్పి, ఆ రాత్రి మరి నాలుగు పంక్తులు వ్రాసితిని.