బండి చెడితే జవాబుదారీ ఎవరు?

(ఉట్నూర్‌లో సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిపంతులం. ఇంజన్ల సంగతి మెకానిక్కులకే ఎరుక. అయితే ఇంగ్లీషు కాయితం చదివి చెప్పమని మా దగ్గరికి వచ్చేవారు చాలామంది. ఈ మధ్య ఆ కాయితాల్లో కార్ల రిపేరు బిల్లులు ఎక్కువయ్యాయి. మన పిల్లలెందరో అప్పు తెచ్చి కారు కొని, కిరాయికి నడిపి ఇల్లు గడుపుతున్నారు. ఆ ఇంట ఇంజన్ పోయిందంటే ఫైనాన్సు కిస్తీ, బడి ఫీజు రెండూ ఆగుతాయి.

ఒక సోదరుని సంగతి వినండి. వేళకు షోరూముకు పోయినాడు, సర్వీసు పైసలు కట్టినాడు. ఆయిల్, ఫిల్టరు మార్చినట్లు బిల్లులో ఉంది. కొన్ని నెలలకే ఇంజన్ పట్టేసింది. విప్పి చూస్తే ఆయిల్ నల్లటి జిగురై పేరుకుంది, ఫిల్టరు పాతదే. “నడపడం నీకు రాలేదు” అన్నారట షోరూము వారు!

పాత ఆయిల్ చిక్కబడితే సన్నని దారులు మూసుకుపోతాయి. లోపలి భాగాలకు ఆయిల్ అందక రాసుకొని పట్టేస్తాయి. వేలల్లో తీరే పని లక్షకు పోతుంది.

మరి ఆ లక్ష ఎవరు కట్టాలి? మనం సర్వీసుకే పోకపోతే ఆ నష్టం మనదే. తయారీలోనే లోపముంటే కంపెనీది. పైసలు తీసుకొని పని చేయకపోతే డీలరుది. అప్పగించిన బండి అమానత్ కదా! 2020 జూలై నుంచి అమలైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీన్ని సేవాలోపం అంటుంది. డీలరు తప్పుకు కంపెనీని పట్టుకుంటే చాలదు. డీలరు చేసింది కంపెనీకి తెలిసినట్లు రుజువు లేనిదే దానిపై బాధ్యత మోపలేమని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

“కిరాయి బండికి ఈ చట్టం వర్తించదు” అని కొందరు భయపెడతారు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునేవాడు కూడా ఈ చట్టం కింద వినియోగదారుడే. నష్టం జరిగిన రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. షోరూము ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ముందుగా సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

కాని తప్పు జరిగిందని రుజువు చేయవలసింది మనమే. నోటిమాట అక్కడ నిలవదు. కనుక జాబ్ కార్డు చదవకుండా సంతకం పెట్టకండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఏమేమి మార్చారో రాయించండి. తీసేసిన పాత సామాను అడిగి చూడండి. ఇంజన్ విప్పేటప్పుడు ఫోటోలు తీయించి, వేరే మెకానిక్కుతో రాతలో అభిప్రాయం తీసుకోండి. ఆ తర్వాత డీలరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. బిల్లు చెల్లించక తప్పకపోతే, అభ్యంతరం రాసి మరీ చెల్లించండి.

మా మనవి ఒక్కటే. బండి ఉన్న ప్రతి ఇంట్లో ఒక ఫైలు పెట్టండి. సర్వీసుకు పోయేటప్పుడు చదువుకున్న కొడుకునో బిడ్డనో వెంట తీసుకుపోండి. ఆ జాబ్ కార్డు వారితో చదివించి, అర్థమయ్యాకే సంతకం చేయండి. ఇంట్లో చదివేవారు లేకుంటే మా బడికి రండి. సాయంత్రం బడి విడిచిన తర్వాత మేము అక్కడే ఉంటాము.