చెవిలోపలి చిన్న వాసెన



పిలిస్తే పలకని కోడలు, మిక్సీ మోగుతున్నప్పుడు మాత్రం చక్కగా బదులిస్తుంది. "వినపడక కాదు, వినాలని లేక" అనేస్తారు ఇంట్లోవాళ్లు. తొందరపడకండి. చప్పుడు మధ్య మాట మెరుగ్గా వినిపించడం ఓటోస్క్లిరోసిస్ అనే చెవిజబ్బు లక్షణాల్లో ఒకటి. ఇది మగవారికంటే మన ఆడవారికే ఎక్కువ. తరచు 20-40 ఏళ్ల మధ్య బయటపడుతుంది.

కర్ణభేరి వెనక మూడు బుల్లి ఎముకలున్నాయి. చివరిది గుర్రపు రికాబులా ఉండే స్టేపిస్. ఒంట్లోకెల్లా చిన్న ఎముక అదే. ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు. అది లోపలి చెవి కిటికీలో కదులుతూ శబ్దాన్ని లోనికి పంపుతుంది. చుట్టూ కొత్త ఎముక పెరిగి బిగుసుకుపోతే వినికిడి తగ్గుతుంది.

1956లో అమెరికాలో డాక్టర్ జాన్ షే ఆ ఎముకను తీసి, కిటికీని సిర ముక్కతో మూసి, టెఫ్లాన్ ఎముక అమర్చారు. మూత ఎందుకంటారా? కిటికీ అవతల ద్రవం ఉంది. అది కారితే తల తిరుగుతుంది, ఉన్న వినికిడీ పోవచ్చు. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే ననుకోండి. కాకపోతే ఈ వాసెన శబ్దానికి కదలాలి కూడా!

ఇప్పుడు చాలామందికి కిటికీ అంతా తెరవరు. మిల్లీమీటరుకన్నా చిన్న రంధ్రం చేసి, పిస్టన్ దింపి, చుట్టూ రోగి సొంత కొవ్వో, సిర ముక్కో, కండరం మీది పొరో, రక్తపు బొట్టో ఉంచుతారు. ఏది వాడినా, చెయ్యి తిరిగిన డాక్టరైతే నూటికి తొంభై మందికి వినికిడి బాగుపడుతుంది. కానీ నూటికి ఒక్కరికి ఆ చెవి పూర్తిగా పోవచ్చు. అందుకే ముందు ఎక్కువ చెడిన చెవికే చేస్తారు. ఆపరేషన్ వద్దనుకుంటే వినికిడి యంత్రం ఉంది. అదేమీ నామోషీ కాదు.

ఇక ఆ వాసెన నిలబెట్టడం మన వంతు. డాక్టరు చెప్పినన్నాళ్లు ముక్కు గట్టిగా చీదకండి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. నీళ్ల బిందెలు, బియ్యపు బస్తాలు ఎత్తకండి. చెవిలోకి నీరు పోనివ్వకండి. కొన్నాళ్లు కాస్త తల తిరగడం, నాలుకకు రుచి మారడం మామూలే. తల విపరీతంగా తిరిగినా, వచ్చిన వినికిడి హఠాత్తుగా తగ్గినా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి. "పండగ వెళ్లాక చూద్దాంలే" అనుకోవద్దు.

ఇంటిల్లిపాది అవసరాలూ వినే చెవులు మనవి. వాటి సంగతి కూడా కాస్త వినండి. సెలవు.