బిడ్డల టీకాలు - తండ్రుల అమానత్

 

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ప్రళయదినాన ఆ అమానత్ లెక్క తల్లితో పాటు తండ్రినీ అడగడం జరుగుతుంది. అందుకే ఈ జుమా నాడు పిల్లల టీకాల గురించి మాట్లాడదలిచాము.

మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. 1992-93 నాటి మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏడాది నిండి రెండేళ్ళు నిండని పిల్లల్లో అన్ని టీకాలూ అందినవారు నూటికి 35 మంది. 2005-06లో కూడా ఆ సంఖ్య 44 దాటలేదు. 2015-16లో 62కు, 2019-21లో 76కు చేరింది. ఆ చివరి సర్వేలో మన తెలంగాణలో నూటికి 79 మంది. ఇది అల్లాహ్ అనుగ్రహం. టీకాల పెట్టె భుజాన వేసుకుని ఉట్నూరు గూడేల దాకా వెళ్ళే నర్సమ్మల కష్టం కూడా ఇందులో ఉంది. కాని తట్టు సోకిన ఒక్క బిడ్డ నుండి రక్షణ లేని పన్నెండు మొదలు పద్దెనిమిది మందికి అది అంటుకోగలదు. నూటికి 95 మందికి రెండు మోతాదులూ అందితే తప్ప దాని దారి మూసుకుపోదు.

మిగిలిపోతున్న బిడ్డలు ఎవరి ఇళ్ళలో ఉన్నారు? పుట్టగానే వేసే టీకా ఆసుపత్రిలోనే పడుతుంది. ఆగిపోయేవి తర్వాతివి. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ మొహల్లాలలో బీడీలు చుట్టే తల్లులను మేము ఎరుగుదుము. సూది వేయించిన రాత్రి బిడ్డకు జ్వరం వస్తుంది, మరునాడు ఒడి దిగడు, చుట్టవలసిన బీడీలు మిగిలిపోతాయి, కూలి తగ్గుతుంది. మళ్ళీ ఆ తేదీ వచ్చేసరికి ఆమె వెనుకాడుతుంది. భర్త గల్ఫ్‌లో ఉంటే నిర్ణయం ఎవరిదో తేలక ఇంకా ఆలస్యం. ఆమెను నిందించే ముందు ఆ ఇంటి మగవారు ఆ రోజు ఎక్కడ ఉన్నారో అడగాలి.

కొందరు తఖ్దీర్‌లో ఉన్నదే జరుగుతుందంటారు. హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) సిరియాకు వెళ్తూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులను సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించారు. దైవ విధివ్రాత నుండి పారిపోవడమా అని హజ్రత్ అబూ ఉబైదా (రజియల్లాహు అన్హు) అడిగారు. ఒక లోయకు పచ్చిక ఉన్న వైపు, ఎండిన వైపు ఉంటే, ఒంటెలను ఏ వైపు మేపినా అది విధివ్రాతే కదా అన్నది ఆయన సమాధాన సారాంశం. బుద్ధిగల కాపరి పచ్చిక వైపే తోలుతాడు.

ఇక సంతానం కలగదన్న వదంతి. ఆ వదంతి బలంగా పాకిన ఉత్తరప్రదేశ్‌లో 2002లో పన్నెండు వందలకు పైగా పిల్లలు పోలియో బారిన పడ్డారు. వారిలో ముస్లిం పిల్లలు జనాభాలోని మన వాటాకు మించి ఉన్నారు. తర్వాత ఉలమాలు ముందుకు వచ్చారు, మసీదు మైకులలో ప్రకటనలు వినిపించాయి, అలీగఢ్, జామియా మిల్లియా విశ్వవిద్యాలయాలు చేయి కలిపాయి. దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 1995లో పల్స్ పోలియో చుక్కలు వేయించుకున్న పసివారు ఈనాడు మన సఫ్‌లలోనే, తమ బిడ్డలను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నారు. వారిని చూసిన తర్వాత కూడా ఆ మాట నమ్మేవారికి మేము ఏమి చెప్పగలము?

హలాల్ గురించిన సందేహం మాత్రం గౌరవించదగినది. 2018లో ఇండోనేషియా ఉలమా మండలి తట్టు-రుబెల్లా టీకా తయారీలో పంది సంబంధ పదార్థం ఉందని తేల్చి కూడా, వేరే హలాల్ టీకా లేనందున, బిడ్డలకు ముప్పు ఉన్నందున, దానిని అనుమతించింది. ప్రాణరక్షణ కోసం అవసరం నిషిద్ధాన్ని సడలిస్తుందన్నది ఫిఖ్‌హ్‌లో పాత సూత్రమే.

బుధవారం ఉపకేంద్రంలో, శనివారం అంగన్‌వాడీలో టీకాలు వేస్తారు. రేపు శనివారం. బిడ్డను మీరే ఎత్తుకుని వెళ్ళండి. రాత్రి జ్వరం వస్తే ఏమి ఇవ్వాలో నర్సమ్మను అడిగి తెలుసుకుని, ఆ రాత్రి మీరు మేల్కొని ఉండండి. తేదీ దాటిపోయిందని సిగ్గుపడవద్దు, టీకాలు మళ్ళీ మొదటి నుండి వేయరు, ఆగిన చోటు నుండే కొనసాగిస్తారు. కార్డు పోయినా వెళ్ళండి. కార్డు ఉండి చదవడం రానివారు వచ్చే జుమా నాడు వెంట తెండి, నమాజు తర్వాత మేము కూర్చుని తేదీలు చూసి చెబుతాము.