చందా కట్టనివాడు మన బ్యాచ్ కాడా?

(మహాసభల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాల వేళ దాటిపోతోందని కార్యదర్శిగారు ఇందాకే చెవిలో చెప్పారు. పైగా నేను మాట్లాడబోయేది చందాల గురించి. ఆకలి మీదున్న వాళ్ళకి అంతకంటే చేదు విషయం ఉండదు. అయినా పది నిమిషాలు ఓపిక పట్టండి.

మా బ్యాచ్ సంఘానికి నేను పదకొండేళ్ళు కోశాధికారిగా పనిచేశాను. ఏడాదికి వంద డాలర్ల చందా. ఎక్సెల్‌లో జాబితా పెట్టుకుని, కట్టిన వాళ్ళకి ఆకుపచ్చ, కట్టని వాళ్ళకి ఎరుపు రంగు వేసేవాణ్ణి. వరసగా రెండేళ్ళు ఎరుపు వస్తే పేరు తీసేసేవాణ్ణి. లెక్క పక్కాగా ఉంటుందని నా ధీమా.

అలా 2010లో తీసేసిన పేర్లలో ఒకటి నా రూమ్మేట్‌ది. వాల్తేరు హాస్టల్లో నా పక్క మంచం వాడిది. పరీక్షల ముందు వాడి నోట్సే మా వింగ్ అంతటికీ ఆధారం. వాడికి మూడు మెయిళ్ళు పంపాను. జవాబు రాలేదు. ఫోన్ చెయ్యాలని తోచలేదు. తర్వాత మా రీయూనియన్‌కి ఆహ్వానాలు జాబితా ప్రకారమే వెళ్ళాయి. వాడికి వెళ్ళలేదు.

చాలా ఏళ్ళకి ఇలాంటి సభల్లోనే భోజనాల వరసలో కనబడ్డాడు. "ఏరా, రీయూనియన్‌కి రాలేదేం?" అన్నాను. నవ్వి, "పేరు కొట్టేసిన ఇంటికి పిలవకుండా ఎలా వస్తానురా?" అన్నాడు. 2009లో ఉద్యోగం పోయిందట. రెండేళ్ళు ఒక మోటెల్లో రాత్రి డ్యూటీ చేశాడట. వంద డాలర్లు లేక కాదు, లేవని చెప్పడానికి మొహం చెల్లక ఊరుకున్నాడు. ఆ పూట అన్నం నాకు సయించలేదు.

ఆ మధ్య మా అమ్మాయికి తను చదివిన యూనివర్సిటీ క్లాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడి పాత యూనివర్సిటీల పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. పట్టా సంవత్సరాన్ని బట్టి క్లాసు. దానికో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. ఐదేళ్ళకోసారి పెద్ద రీయూనియన్. మనకేమో బ్యాచ్ అంటే చేరిన సంవత్సరమా, బయటపడ్డ సంవత్సరమా అన్న తగువు ఇంకా తేలనే లేదు!

ఆ ఉత్తరంలో చందా అడిగారు. దాంతోపాటు "మీరు కట్టినా కట్టకపోయినా ఈ క్లాసు సభ్యులే" అన్న ముక్క కూడా ఉంది. మా అమ్మాయి మామూలుగా చదివి పక్కన పడేసింది. నేను మాత్రం ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సభ్యత్వం చదువుతో వచ్చింది, చందా ఖర్చుల కోసం. ఈ రెండింటినీ కలిపేసింది నేను.

వాళ్ళు ఇంకొక గీత కూడా స్పష్టంగా గీస్తారు. క్లాసు చందా క్లాసు ఖర్చులకి, అంటే ఉత్తరాలకీ, కలయికలకీ, పోయినవారి జ్ఞాపకార్థం చేసే పనులకీ. యూనివర్సిటీకిచ్చే విరాళం వేరే. యేల్‌లో అలాంటి పూర్వ విద్యార్థుల నిధి 1890లోనే మొదలైంది. మనం మాత్రం విందు ఖర్చు, కాలేజీలో స్కాలర్‌షిప్పు, హాలు అద్దె అన్నీ ఒకే సంచిలో వేస్తాం. తర్వాత లెక్క అడిగితే కోప్పడతాం.

చట్టం కూడా ఈ తేడా అడుగుతుంది. పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థకి ఎవరైనా 75 డాలర్లకి మించి ఇచ్చి, బదులుగా విందు లాంటిది పొందితే, అందులో విరాళం ఎంతో సంస్థే రాసివ్వాలి. ఇక అమెరికా పౌరులైన మన డబ్బు ఇండియాలో ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం దృష్టిలో విదేశీ నిధి. అందుకునే సంస్థకి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. "మా బావమరిది చేతికి పంపిస్తే ఇచ్చేస్తాడు" అనే రోజులు పోయాయి.

అందుకని మూడు మాటలు మనవి చేసుకుంటాను.

ఒకటి, ఎవరి పేరూ కొట్టెయ్యకండి. మధ్యలో చదువు మానేసిన వాళ్ళ పేర్లు కూడా చేర్చండి. పక్క బెంచీలో కూర్చున్నవాడికి పట్టా లేకపోతే మన వాడు కాకుండా పోడు.

రెండు, చందా వేరు, విరాళం వేరు. ఏటా రెండు లెక్కలూ అందరి ముందూ పెట్టండి.

మూడు, చందా ఫారంలో "ఈ ఏడాది వీలుకాదు" అని ఒక గడి పెట్టండి. కారణం అడగొద్దు. ఆ సంగతి కోశాధికారి దగ్గరే ఉండాలి. దాని పక్కనే "ఇంకొకరి చందా కూడా నేను కడతాను" అని మరో గడి పెట్టండి. మేము అలా పెట్టాం. మొదటి గడి నింపిన వాళ్ళ కంటే రెండో గడి నింపిన వాళ్ళే ఎక్కువ వచ్చారు.

రెండో గడి నింపిన వాళ్ళలో మా రూమ్మేటూ ఉన్నాడు. వాడి చెక్కు వచ్చిన రోజు మెయిలు పంపలేదు, ఫోన్ చేశాను. "రసీదు పంపరా, లెక్క పక్కాగా ఉండాలి కదా!" అన్నాడు.

ఇవాళ ఇంటికి వెళ్ళాక మీ జాబితాలో ఎర్ర రంగున్న పేర్లు ఒక్కసారి చూడండి. మెయిలు వద్దు, ఫోన్ చెయ్యండి. చందా మాట మాత్రం ఎత్తకండి.

భోజనాలకి వేళయింది. సెలవు.